మూడు శ్వాసల మౌనం

ఆరుద్ర కార్తె, నాలుగో రోజు. పంట్ల లెక్కలో నలభై ఒకటో ఏడు.

నిన్నటి ఉదయం మామూలు ఉదయం. రాయడానికేముందిలే అని నిన్న పుస్తకం తెరవలేదు. ఈరోజు అనిపించింది, మామూలు ఉదయాల్నే రాసి పెట్టుకోవాలని. దేవుడు మనకిచ్చేవాటిలో ఎక్కువ అవే. ఇది నా సొంత పుస్తకం, ఎవరూ చదవరు. కాబట్టి తీరిగ్గా రాస్తాను.

తెల్లవారకముందే లేచాను. మా ఇల్లున్న పంటు, అంటే పెద్ద బల్లకట్టు, మెల్లగా ఊగుతోంది. గొలుసుల చప్పుడును బట్టి అలలు చిన్నవేనని తెలిసింది. నూట నలభై పంట్లు ఒకదానికొకటి గొలుసులతో కట్టుకుని నీళ్ళ మీద తేలే ఊరు మాది. అడుగున ఒకప్పుడు లంకలుండేవట, కొబ్బరితోటలుండేవట. మోకరించి ఇంట్లో అందరి పేర్లూ దేవునికి చెప్పుకున్నాను. తమ్ముడు ఆశీర్వాదం, వాడి భార్య లీదియ, మా ఆఖరి చెల్లెలు కెజియ. చివర నేను, తబిత. పెద్దదాన్ని కాబట్టి చివర.

వాన కురిసి వెలిసింది. తొట్టి మూత తీసి చూస్తే నీళ్ళు జానెడు పెరిగాయి. వాన నీళ్ళు ఒక చెంబుడు పప్పులోకి ముంచుకుని మూత పెట్టేశాను. తాగడానికి మాత్రం ఊరందరిలాగే కుళాయి నీళ్ళే. కుళాయికొచ్చే సముద్రపు నీళ్ళు ఎంత వడకట్టినా కాస్త ఉప్పు మిగులుతుంది. అది కిడ్నీలను పట్టకుండా రోజూ పరగడుపున తలా ఒక విరుగుడు బిళ్ళ వేసుకుంటాం. ఈ నెల డబ్బా కొత్తది. మూత మీద యాభై ఎనిమిది అని సరుకు నంబరుంది. నాలుగు బిళ్ళలు తీసి నాలుగు గ్లాసుల పక్కన పెట్టాను.

ఆశీర్వాదం మింగి, "ఈ మధ్య చేదు తగ్గింది అక్కా" అన్నాడు.

"చేదు తగ్గలేదండీ. పాతికేళ్ళు నాతో కాపురం చేసి మీ నాలుక మొద్దుబారింది" అంది లీదియ.

కెజియ నవ్వుతూ తన గరిటె తుడుచుకుంది. అది పొత్తు వంటపంటులో పెద్ద వంటమనిషి. పన్నెండు వందలమందికి రెండుపూటలా అన్నం, పప్పు, పులుసు. గరిటెను మాత్రం అక్కడ వదలదు, ఇంటికి తెచ్చుకుని తనే తోముకుంటుంది. చెప్పులు తొడుక్కోవడానికి కూర్చుని కాస్త ఎక్కువసేపు కూర్చుంది.

"కాళ్ళు బరువుగా ఉన్నాయా?"

"నిలబడి నిలబడి అక్కా. నువ్వు కూడా డాక్టర్ లాగా చూడకు."

దాని కొంగుముడిలో తెల్ల చీటీ కనిపించింది. వైద్యం పంటు వాళ్ళు పంపే పిలుపు చీటీ.

"నిన్ను పిలిచారా?"

"నిన్నటిదే. రక్తం చూస్తారంట, చూసి పంపేశారు. మరకి పనిలేదు, నాకు తీరికలేదు."

రోగాలు చూసే యంత్రాన్ని ఇక్కడందరూ మర అనే అంటారు. దాన్ని తిట్టడం మాకు అలవాటు. తిట్టుకుంటూనే దాని మాట వింటాం.

ఆ తర్వాత చెక్కబాట మీద పది పంట్లు దాటి పనిలోకి వెళ్ళాను. నేను వైద్యం పంటులో చదువరిని. ముందురోజు అక్కడ జరిగిందంతా ఏడు గంటలకల్లా వెలుగు పలక మీద వరుసలు వరుసలుగా వస్తుంది. నేను గుమ్మంలో నిలబడి గట్టిగా చదవాలి. పేర్లుండవు. పనుల మీద పోయేవాళ్ళు బుట్టలతో, వలలతో ఆగి వింటారు.

నిన్న చదివిన వరుసలు ఇప్పటికీ నోట్లో ఉన్నాయి. వచ్చినవారు ముప్పై ఒకరు. జ్వరాలు తొమ్మిది. కాన్పు ఒకటి, ఆడపిల్ల, క్షేమం. నిండుకున్న మందులు రెండు. మర చేసిన పొరపాటు ఒకటి: ఎడమ చెవికి వేయాల్సిన చుక్కలు కుడి చెవికని రాసింది, డాక్టర్ గారు చూసి సరిచేశారు. జనం నవ్వారు. "దానికీ ముసలితనం వచ్చింది" అన్నారెవరో.

ఒక వరుస ఖాళీగా ఉంది. "వివరం నిలిపి ఉంది" అని మాత్రం రాసుంది. అలాంటి వరుసను చదువరి దాటేయకూడదు. అరచేతిని పలక మీద ఆనించి మూడు శ్వాసల సేపు మౌనంగా ఉండాలి. అదీ పద్ధతి. నెలకో రెండు నెలలకో ఒకటి వస్తుంది అలాంటిది. నేను చదువరినై తొమ్మిదేళ్ళు. మొదటిసారి ఖాళీ వరుస వచ్చినప్పుడు, పాపం ఎవరో, ఏం కష్టమో అనుకుని కళ్ళు మూసుకుని ఆ మనిషి కోసం ప్రార్థన చేశాను. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఇద్దరు తలలు వంచి ఉన్నారు. ఇప్పుడు అందరూ వంచుతారు. నామాలు పెట్టుకున్నవాళ్ళు, టోపీ పెట్టుకున్నవాళ్ళు కూడా. ఊరంతా కలిసి ఒక తెలియని మనిషి కోసం తలవంచడం చూస్తే నాకు కడుపు నిండినట్టుంటుంది.

నిన్నా అలాగే చేశాం. మంచి ఉదయం. స్తోత్రం.

ఆరుద్ర, ఆరో రోజు.

ఈరోజు ఖాళీ వరుసలు రెండు. ఆరు శ్వాసలు.

మధ్యాహ్నం ఆశీర్వాదం తూర్పు పంట్ల తొట్లకు మాట్లు వేసి వచ్చాడు. ఊళ్ళో వానతొట్లు, కుళాయి గొట్టాలు బాగుచేసేది వాడే. "అక్కా, తొట్లన్నీ నిండి పొర్లిపోతున్నాయి. తాగేవాడు లేడు" అన్నాడు. వాన నీళ్ళు పప్పుకీ, తల స్నానానికీ దాచడం అందరికీ అలవాటైపోయింది.

కెజియ ఆలస్యంగా వచ్చింది. చేపల పులుసులో ఉప్పు తగ్గిందో పెరిగిందో అని ఇంటికొచ్చి కూడా దిగులుపడుతుంది. అన్ని బానల్లోనూ ఉప్పు చూసేది తనే. రెండు గుటకలు, మూడు గుటకలు. చీర కుచ్చెళ్ళు పైకి లాగి కూర్చున్నప్పుడు చూశాను. చెప్పుల పట్టీ పాదంలో గాడిలా దిగింది. అడిగితే "వాన చెమ్మ" అంది.

ఈ కార్తె వస్తే అమ్మ గుర్తొస్తుంది. జ్వరాల ఏడు, అంటే ఏడో ఏడు. నాకప్పుడు ఇరవై రెండు. అమ్మను రోగుల పంటులోకి తీసుకెళ్ళి ఇనుప తలుపు మూశారు. పదకొండు రోజులు బయట నిలబడ్డాను, చంకలో కెజియ, చెయ్యి పట్టుకుని ఆశీర్వాదం. రోజూ ఎవరో ఒకరు తలుపు సందులోంచి "చూస్తున్నాం" అనేవారు. పన్నెండో రోజు అమ్మ చెప్పులు మాత్రం చేతికిచ్చారు. ఏ జ్వరమో, ఏ మందిచ్చారో, ఇచ్చారో లేదో కూడా ఈరోజుకీ తెలియదు.

ఆ మరుసటేడు జనం చెక్కబాటల మీద అడ్డంగా కూర్చున్నారు. లేవలేదు. అలా వచ్చింది ఉదయం చదువు చట్టం. ఇనుప తలుపు తీసి అద్దం తలుపు పెట్టారు. ఏ ఇంటివాళ్ళూ చెప్పులు పట్టుకుని ఊరికే వెనక్కి వెళ్ళకూడదని నేను రోజూ గొంతెత్తి చదువుతాను. ఈ పని నాకిచ్చినందుకు రోజూ వందనాలు చెప్పుకుంటాను.

ఆరుద్ర, ఎనిమిదో రోజు.

ఐదు. పదిహేను శ్వాసలు. ఒకరి బుట్టలోంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడుతుంటే ఆ చప్పుడు వినిపించింది, అంత నిశ్శబ్దం.

ఇంత ఎప్పుడూ లేదు. ఏదైనా అంటురోగమా అనుకున్నాను. చదువరి అడగకూడదు. పలక మీద ఉన్నది తప్ప మరో మాట ఆ గొంతులోంచి రాకూడదనేది నిబంధన. చదవకముందు ఏ వరుస గురించీ బయట నోరు విప్పకూడదు కూడా. అది మంచి నిబంధనే. నాకంటే ముందు ఒకాయన వరుసలకు తన కూడికలు, తీసివేతలు జోడించి చదివి మూడు పంట్లను హడలగొట్టాడు.

కాబట్టి ఐదుగురి కోసం ప్రార్థన చేసి వచ్చేశాను.

కెజియను మళ్ళీ పిలిచారు. "ఊరికే" అంది. "ఊరికే" అనేమాట అది ఎప్పుడూ నా కళ్ళలోకి చూసి అంటుంది. ఈసారి గరిటెను చూస్తూ అంది.

ఆరుద్ర, పదో రోజు.

తొమ్మిది వరుసలు. ఇరవై ఏడు శ్వాసలు. జనం బుట్టలు కింద పెట్టి మరీ తలలు వంచారు.

చదువు అయ్యాక అందరూ వెళ్ళిపోయారు, ఒక్క పల్లాలమ్మత్త తప్ప. ఎండుచేపలమ్మే ఆవిడ. ఎనభై ఏళ్ళుంటాయి. మనవరాలి పురిటికని ఉత్తరపు పంట్లకు వెళ్ళి నెల దాటాక నిన్ననే వచ్చింది. బుట్ట మీద కూర్చుని నన్ను ఎగాదిగా చూసింది.

"ఏవమ్మా చదువరమ్మా, ఇది వైద్యం పంటా, మీ పార్దన పంటా?"

"ఏమైందత్తా?"

"తొమ్మిదిసార్లు కళ్ళు మూశావు. నాతోపాటు నా బుట్టలో చేపలు కూడా దండం ఎట్టుకున్నాయి. నాకు తెలీకడుగుతన్నాను, ఆ మూడు ఊపిరులు ఆగమని ఎట్టింది దేనికీ?"

"ఆ రోగి కోసం..." అని ఆగిపోయాను. ఎందుకు పెట్టారో నాకు ఎవరూ చెప్పలేదు. ఆగాలని మాత్రమే చెప్పారు. చట్టం వచ్చిన కొత్తలో తమ్ముణ్ణీ చెల్లెల్నీ సాకుతూ నేను ఈ గుమ్మం దాకా వచ్చిందే లేదు.

"కాదమ్మా. నేనప్పుడు బాట మీద అడ్డంగా కూకున్నదాన్ని. మీ అమ్మ పోయిన మరుసటేడు. కొత్తలో ఆ మూడు ఊపిరుల్లో మేం గొంతు చించుకుని అరిచేవోళ్ళం, ఎందుకూ అని. ఒక్కరడిగితే చాలు, డాక్టరొచ్చి అక్కడికక్కడే చెప్పాలి. మూడు ఊపిరులు దాటితే మళ్ళీ రేపే. అడగడానికిచ్చిన జాగా అది. పోనుపోను అంతా మర్చిపోయారు, ఇప్పుడు దాంట్లో కునుకు తీత్తన్నారు."

"కునుకు కాదత్తా, ప్రార్థన."

"ఆ వరసలో ఏవుందో దేవుడికి తెలీదా ఏటి? తెలీంది మనకి కదా!"

బుట్ట నెత్తినెత్తుకుని వెళ్ళిపోయింది. నేను అక్కడే నిలబడ్డాను. చాలాసేపే నిలబడి ఉంటాను. అద్దం తలుపు తీసుకుని డాక్టర్ షమీమ్ గారు బయటికి వచ్చారు. ముప్పై అయిదేళ్ళ మనిషి, ఈమధ్య కళ్ళ కింద నలుపు వచ్చింది.

"ఆవిడ చెప్పింది నిజమేనా డాక్టర్ గారూ?"

"నిజమే తబితమ్మ గారూ."

"ఆ వరుసల్లో..."

"చదువరి అడగకూడదు." గొంతులో కోపం లేదు. "నేను అడక్కుండా చెప్పకూడదు. అడిగితే చెప్పకుండా ఉండకూడదు. వైద్య మండలి మన ఇద్దరికీ రాసిచ్చిన పద్ధతి అది." అద్దం తలుపు మీద చెయ్యి వేసి అన్నారు, "ఎనిమిది రోజుల నుంచి, మీరు పలక మీద చెయ్యి పెట్టిన ప్రతిసారీ నేను ఈ తలుపు దాకా వస్తున్నాను. ఎవరో ఒకరు ఆ ఒక్క మాట అంటారని. మీరందరూ కళ్ళు మూసుకుని ఉంటున్నారు."

ఇంటికి వచ్చి మోకరించాను. తొమ్మిదేళ్ళుగా దేన్ని నా భక్తి అనుకున్నానో అది ఊరి నోటికి అడ్డం పెట్టిన చెయ్యి. నాకది ఎవరూ నేర్పలేదు. నేనే నేర్చుకుని ఊరికి నేర్పాను.

ఆరుద్ర, పదకొండో రోజు. సాయంత్రం.

ఈరోజుది పూర్తిగా రాయాలి.

ఉదయం నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పకూడదు. కళ్ళు తెరిచి ఉంచాను, అంతే.

నాలుగో వరుస ఖాళీ. పలక మీద చెయ్యి పెట్టాను. ఎప్పటిలాగే తలలు వంగాయి. నేను మాత్రం వాళ్ళను చూస్తూ నిలబడ్డాను. ఒక శ్వాస. ముందు వరుసలో ఒకావిడ అనుమానంగా తలెత్తి, నేను తననే చూస్తుండటం చూసి పక్కావిడను పొడిచింది. రెండో శ్వాస. ఒక్కొక్క తలా లేచింది. ఏం చెయ్యాలో ఎవరికీ తెలియడం లేదు.

"ఎందుకూ?"

పల్లాలమ్మత్త. బుట్ట కింద పెట్టి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, చేపలమ్మే గొంతుతో. "ఎందుకు నిలిపారు? అడుగుతన్నానండీ ఆయ్, పల్లాలమ్మని, ముప్పై రెండో పంటు!"

తలుపు అంతకుముందే తెరుచుకుని ఉంది. డాక్టర్ గారు పరుగులాంటి నడకతో వచ్చారు. జనం వైపు తిరిగి నిలబడ్డారు.

"ఒక మందు మీద అనుమానం ఉంది. ఇరవై మూడుమందిని పిలిచి పరీక్షిస్తున్నాం. జనం కంగారుపడతారని మండలి వివరం నిలపమంది."

"ఏ మందు?" ఈసారి నాలుగు గొంతులు.

"మందు పేరు, నంబరు రోగి వరుసలో భాగం. రోగి ఒప్పుకుంటేనే వరుస తెరవాలి. ఆ ఇరవై మూడుమందిలో ఒక్కరు ఒప్పుకున్నా రేపటి చదువులో ఉంటుంది. మీ గుట్టు కాపాడటానికి పెట్టిన నిబంధన అది." "మండలి దాని వెనక దాక్కుంది" అని కూడా అన్నారు. ఆ చివరిమాట ఆవిడ అనక్కర్లేదు. దానికి సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది. అయినా అన్నారు. ఈ రాత్రి ఆవిడ కోసం ప్రార్థన చేస్తాను. ఈ ప్రార్థనలో తప్పులేదనుకుంటాను.

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరూ ముందుకు రాలేదు. ఎవరి భయం వాళ్ళది.

మధ్యాహ్నం నేను వంట చేస్తుంటే కెజియ వచ్చింది. ఆ వేళప్పుడు అది ఎప్పుడూ ఇంటికి రాదు. గరిటె పక్కన పెట్టి కొంగుముడి విప్పింది. పిలుపు చీటీలు ఆరు. ఆరింటి మీదా ఒకటే ముక్క: వివరం నిలిపి ఉంది.

"ఆ ఇరవై మూడులో ఒకదాన్ని అక్కా."

ఒక చీటీ మీద ఆరుద్ర రెండు అని ఉంది. అంటే ఆరుద్ర మూడున నేను చదివిన ఆ ఒక్క ఖాళీ వరుస దీనిదే. దీని కోసమే కళ్ళు మూసుకుని, ఎవరో పాపం అనుకున్నాను.

"ఎందుకు చెప్పలేదే?"

"పిలుపున్నవాళ్ళు కారణం తేలేదాకా గరిటె ముట్టకూడదని వంటపంటులో నిబంధన. పద్నాలుగేళ్ళు అక్కా. ఒక్కపూట మానలేదు. ఊరికే పిలుస్తున్నారులే అని నాకు నేనే చెప్పుకున్నాను."

దాన్ని తిట్టలేదు. నేను కళ్ళు మూసుకున్నాను, అది చీటీ మడిచి దాచుకుంది. ఒక్క తల్లి పిల్లలం.

ఇద్దరం మర దగ్గరికి వెళ్ళాం. ఒకసారి జనంలో ప్రశ్న పడ్డాక, ఎవరి వరుస వారికి తెరవాలి. మర గొంతు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, పిల్లలకు పాఠం చెప్పేవాళ్ళలా.

"కెజియ గారూ, మీ వరుస తెరిచాను. మీ అక్కగారు వినవచ్చా?"

"విననీ."

"మీరు వాడుతున్న విరుగుడు బిళ్ళలు యాభై ఎనిమిదో నంబరువి. వాటిలో మందు సగమే ఉంది. వంటలో ఉప్పు రుచి చూసేవారికి, చేపలకు ఉప్పు పట్టించేవారికి ఒంట్లో ముందుగా తేడా కనిపించింది. మీ కిడ్నీల పని అయిదో వంతు తగ్గింది. ఇప్పటి నుంచి రెండేసి బిళ్ళలు, ఉప్పులేని నీళ్ళు అయితే కోలుకునే అవకాశం ఎక్కువ. ఇంకో రెండు నెలలు గడిచి ఉంటే ఈ మాట చెప్పలేకపోయేదాన్ని."

చేదు తగ్గిందని ఆశీర్వాదం అన్నాడు. వాడి నాలుక బాగానే ఉంది.

"మరి నాకు ముందే చెప్పొచ్చుగా?" అంది కెజియ.

"మండలి నిలపమంది. అందరూ రెండేసి వేసుకుంటే కొత్త సరుకు పడవ వచ్చేలోపు బిళ్ళలు అయిపోతాయని వారి లెక్క. వివరం నిలపవచ్చు. నిలిపామన్న సంగతి దాచడానికి మాత్రం ఎవరికీ అధికారం లేదు. అందుకే రోజూ ఖాళీ వరుస పెట్టాను. ఎవరైనా అడుగుతారని."

మర కూడా ఎదురుచూసిందన్నమాట. "వందనాలు" అన్నాను.

బయటికి వచ్చాక కెజియ, "మరకి కూడా వందనాలా అక్కా?" అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

దీపాలు పెట్టే వేళకు నలుగురం కూర్చున్నాం. మధ్యలో యాభై ఎనిమిదో నంబరు డబ్బా. కెజియ తన సంగతి తనే చెప్పింది. చదవకముందు నేను చెప్పకూడదు.

ఆశీర్వాదం డబ్బా చేతిలోకి తీసుకుని మూత తిప్పి చూశాడు. "ఒప్పుకుంటే గరిటె పోతుంది కెజియా."

"గరిటె పోతే ఇంకో గరిటె. కిడ్నీ పోతే ఏ వంటపంటులో ఇస్తారు?" అంది లీదియ.

"నేనన్నది అది కాదు. ఇంకా ఇరవై రెండుమంది ఉన్నారు కదా. వాళ్ళలో ఎవరో ఒకరు..."

"అందరూ అదే అనుకుంటూ కూర్చుని ఉంటారు అన్నయ్యా, ఇప్పుడు, మనలాగే" అంది కెజియ. "రేపు పొద్దున్నే అందరూ మళ్ళీ ఒక్క బిళ్ళ వేసుకుని, చెంబుడు కుళాయి నీళ్ళు తాగుతారు. నేను వండిన పులుసు తింటారు."

వాడు తల ఊపాడు. "సరే. పేరు లేకుండానే కదా చదివేది."

"పేరుతోనే చదవాలి. పేరు లేకపోతే వంటపంటులో పన్నెండుమందినీ అనుమానంగా చూస్తారు. వాళ్ళేం చేశారు?"

లీదియ దాని చెయ్యి పట్టుకుంది.

"బిళ్ళలు చాలవన్నారు కదా, మరి దానికేంటి?" అన్నాను నేను. అది వరుసలో లేని మాట, అడగొచ్చు.

అప్పుడు ఆశీర్వాదం మొహం వెలిగింది. "ఉప్పులేని నీళ్ళంటే వాన నీళ్ళే కదా అక్కా! తొట్లు పొర్లుతున్నాయని మొన్న చెప్పలా? కుళాయి కట్టేసి వాన నీళ్ళు తాగితే సగం మందున్న ఈ ఒక్క బిళ్ళే సరిపోదూ? రెండేసి కావాల్సింది కెజియలాంటి వాళ్ళకే. ఏ తొట్టి నిండిందో, ఏ తొట్టి కారుతోందో ఊరంతటికీ నాకు నోటికొచ్చు. ముందే చెప్పుంటే మనమే సర్దుకునేవాళ్ళం!"

"చూశారా, వీరి బుర్ర మొద్దుబారలేదు" అంది లీదియ.

కెజియ లేచి డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళి, సగం మోతాదు మాట నిజమేనా అని అడిగి వచ్చింది. వాన నీళ్ళయితే ఆరోగ్యంగా ఉన్నవారికి సరిపోతుందన్నారట. అడిగితే చెప్పకుండా ఉండకూడదు కదా. ఒప్పుదల కాగితం మీద వేలిముద్ర కూడా వేసి వచ్చింది. వచ్చేటప్పుడు వంటపంటులో ఆగి తాళం ఇచ్చేసింది. గరిటె మాత్రం తనతోనే తెచ్చుకుంది. తోమి గోడకు తగిలించింది.

ఈ సాయంత్రం మా ఇంట్లో తీర్మానించుకున్నవి ఇవి.

కెజియ వరుసను రేపు పేరుతో సహా చదవాలి. నేనే చదవాలి, మధ్యలో ఆపకుండా.

ఈ పుస్తకాన్ని నేను రేపు వైద్యం పంటు గుమ్మానికి తాడు కట్టి వేలాడదీయాలి. మౌనాన్ని నేనెలా పాడుచేశానో నా తర్వాత వచ్చే చదువరికి తెలియాలి. ఇది నేనడిగింది. అందరూ ఒప్పుకున్నారు. తన చేదు మాటలు తీసెయ్యనందుకు మాత్రం లీదియ మూతి విరిచింది.

రేపటి చదువు ఏడింటికి. బిళ్ళలు వేసుకునేది అంతకుముందే. కాబట్టి పొద్దుటిదాకా ఆగకూడదని అనుకున్నాం. కెజియ వరుస కెజియది, అది ఎవరికైనా చెప్పుకోవచ్చు. ఇప్పుడే ముగ్గురూ బయల్దేరి ఇంటింటికీ డబ్బా మూత చూపించి నంబరు చెప్పాలి. ఎవరి తొట్టి నీళ్ళు ఎవరికో ఆశీర్వాదం చెప్పాలి. ముందు మా తొట్టి మూత తీసి, పక్క పంట్లవారికి తెరిచిపెట్టాలి.

నేను నోరు విప్పకూడదు. అందుకని వాన నీళ్ళ కడవ నేను మొయ్యాలని తీర్మానించారు. ఏ ఇంట్లో తొట్టి లేదో అక్కడ ఒక చెంబుడు వంపాలి.

"ఈ ఊళ్ళో నోరు మూసుకుని మంచి చేసేది నువ్వొక్కదానివే వదినా" అంది లీదియ.

కడవ నిండింది. ఆశీర్వాదం తలుపు దగ్గర పిలుస్తున్నాడు. కళ్ళు తెరిచే స్తోత్రం చెప్పుకున్నాను.